పక్కింటి లోహం

"నాకు పేరు కావాలి, రుమేన గారూ. విషం పేరు. అది తెలియకుండా నేనిచ్చే మందంతా చీకట్లో విసిరే రాయి."

స్కోప్యే ఆసుపత్రి నుంచి డాక్టర్ మర్గిత పొద్దున్నే ఫోన్ చేసి అన్న మాటలివి. కవదార్త్సి ఊరి పోలీసు ఇన్‌స్పెక్టర్ రుమేన శాలెవ్‌స్కా అప్పటికింకా కాఫీ కూడా ముట్టలేదు. ఆ మాట విన్నాక ముట్టబుద్ధి కాలేదు.

కలియోప ఈ ఊరి పిల్లే. కొండ మీది పాత గనిలో రాళ్లు ఏరి, వాటిలో ఏముందో తేల్చే ఖనిజ శాస్త్రవేత్త. మూడు వారాల కింద కడుపునొప్పి అంది. తర్వాత అరికాళ్లు మండుతున్నాయంది. పల్చటి దుప్పటి తగిలినా కేకలు పెట్టింది. ఆ తర్వాత మాట ముద్దకట్టింది. ఇప్పుడు ఊపిరి యంత్రం మీద ఉంది. ఇవాళ తల్లి ఆమె తల నిమిరితే జుట్టు జుట్టంతా చేతిలోకి వచ్చేసిందట.

మొదట డాక్టర్లు సీసం అనుకున్నారు. ఆమె పనిచేస్తున్న కొత్త రాయిలో సీసం ఉందని ఆమె ప్రొఫెసరే చెప్పాడు మరి. సీసానికి విరుగుడు ఇచ్చారు, పనిచేయలేదు. నిన్నటి నుంచి పాషాణానికి, అంటే ఆర్సెనిక్‌కు, విరుగుడు ఇస్తున్నారు. అన్నంలో పాషాణం కలిపింది నేనేనని మొగుడు దోంచో స్టేషన్లో ఒప్పుకున్నాడు కాబట్టి. అదీ పనిచేయలేదు. ఆమె రక్తం వియన్నాకు పంపారు. అక్కడి నుంచి జవాబు రావడానికి నాలుగు రోజులు. కలియోప దగ్గర నాలుగు రోజులు లేవని మర్గిత దాచకుండా చెప్పింది.

నిజానికి ఈ కేసు రుమేనది కాదు. రాజధాని స్కోప్యే నుంచి ఊడిపడ్డ పోలీసు అధికారి త్రప్కోవ్ దాన్ని ఆమె చేతిలోంచి లాక్కుని, "మీరు విశ్రాంతి తీసుకోండి మేడమ్," అన్నాడు. యాభై రెండేళ్ల మనిషిని విశ్రాంతి తీసుకోమంటే ఒళ్లు మండదా? పైగా దోంచో ఆమెకు తెలుసు. కోడిని కోయాల్సి వస్తే పక్కింటాయన్ని పిలుచుకునే రకం. అలాంటివాడు పెళ్లానికి విషం పెట్టాడంటే ఆమె నమ్మలేదు. నమ్మకపోతే ఒరిగేదేముంది, పేరు దొరకాలి గానీ. అందుకే చెప్పాపెట్టకుండా పరిశోధన శాలకు వెళ్లింది.

పరిశోధన శాల అంటే మూతపడ్డ గని కంపెనీ కట్టడంలో నాలుగు గదులు. ప్రొఫెసర్ స్పసె నస్తెవ్ అక్కడ మహారాజు. పోయిన నెలలో పత్రికలన్నీ ఆయన బొమ్మ వేశాయి. ప్రపంచంలో ఎవరూ ఎరగని కొత్త ఖనిజం, సల్ఫోసాల్ట్ కుటుంబంలో కొత్త బిడ్డ, దాని లోపలి కట్టడం విప్పిన ఘనత ఆయనది. దానికి తన గురువు పేరు పెడతానని ప్రకటించాడు. శుక్రవారం పండిత సభలో ఓటింగు ఉంది. గెలిస్తే చచ్చేదాకా ఆ సభలో కుర్చీ.

రుమేన వెళ్లేసరికి బల్ల మీద పూసలూ పుల్లలతో చేసిన ఒక నమూనా ముందు కూర్చుని ఉన్నాడు. కాపలావాడు తెచ్చిపెట్టిన నల్ల ద్రాక్ష పళ్లెం ఎవరూ ముట్టక పక్కనుంది. కోతల కాలంలో ఈ ఊళ్లో అడుగడుగునా ద్రాక్షే. కానీ ఆయన కడుపులో పుండు. ద్రాక్షగానీ దాని సారాయిగానీ నోట పెట్టడని ఊరందరికీ తెలుసు.

కూర్చోమన్నాడు. కలియోప గురించి అడిగి, తల అటూ ఇటూ తిప్పి, బంగారం లాంటి పిల్ల అన్నాడు. మొగుడు ఇంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదన్నాడు. రుమేన అవన్నీ విని, ఆ రాయి సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పమని అడిగింది.

అడిగిందే తడవు ఆయన ముఖం వెలిగింది. దొంగైనా దొరైనా ప్రేమించిన దాని గురించి మాట్లాడేటప్పుడు మనిషి అందంగానే ఉంటాడు. సల్ఫోసాల్ట్ అంటే ఒక లోహం, ఒక సగం లోహం, గంధకం, మూడూ కలిసి కట్టుకున్న కాపురం అన్నాడు. నమూనాలో ఒక చోట వేలు పెట్టి, ఇది పాషాణం, దీని కింద మూడు గంధకాలు, చూడండి, మూడు కాళ్ల పీటలా లేదూ అన్నాడు. పీటలు ఒకదానికొకటి చేతులు కలుపుకుని గొలుసు అవుతాయి. గొలుసుకీ గొలుసుకీ మధ్య రెండు రకాల చోట్లు మిగులుతాయి. చిన్న చోట్లో రాగి కూర్చుంది, పెద్ద చోట్లో సీసం కూర్చుంది అన్నాడు. పాషాణం ఈ పీటల్లో బిగుసుకుని ఉంటుంది కనుక రాయిని ముట్టుకున్నంత మాత్రాన మనిషికేమీ కాదని కూడా చేర్చాడు.

"ఆ పెద్ద చోట్లో కూర్చుంది సీసమేనని మీకెలా తెలుసు? చూశారా?"

"చూడలేమమ్మా. ఎక్స్‌రే పంపిస్తాం. ప్రతి అణువు చుట్టూ ఎలక్ట్రాన్ల గుంపు ఉంటుంది. గుంపు ఎంత పెద్దదైతే కిరణం అంతగా చెదురుతుంది. ఆ చెదరడాన్ని బట్టి లోపల ఎవరున్నారో చెప్తాం."

"అంటే తలలు లెక్కపెట్టి మనిషిని గుర్తుపట్టడం."

"అంతే అనుకోండి."

"లెక్కలో ఒక తల తప్పిపోతే?"

ఆయన నమూనాలో ఒక పుల్లను సరిచేశాడు. అది సరిగానే ఉంది.

"ఎనభై చిల్లర తలల్లో ఒక్కటి అటూ ఇటూ అయితే కిరణానికి తెలియదు," అన్నాడు చివరికి.

రుమేన లేచి గోడ దగ్గరకు వెళ్లింది. మూలకాల పటం బడిలో ఉన్నప్పుడు చూసిందే, పరీక్ష తప్పిందీ దాంతోనే. సీసం గడి వెతికి పట్టుకుంది. ఎనభై రెండు. దానికి ఎడమ పక్క గడిలో ఎనభై ఒకటి. థాలియం. ఆ పేరు ఆమె పోలీసు శిక్షణలో విన్నది. వెనకటికి ఎలుకల మందులో వేసేవారు. మనుషులు పోతున్నారని మానేశారు.

"పక్కింటివాడు ఇతనే కదా?"

"థాలియం ఎక్కడి నుంచి వస్తుందమ్మా? ఆ గనిలో మా తాతల కాలం నుంచీ తవ్విందంతా సీసమే. పైగా లెక్క కుదరొద్దూ? ప్రతి లోహం కొంత చార్జి తెస్తుంది, అన్నీ కలిపితే గంధకంతో సరిపోవాలి. సీసం రెండు తెస్తుంది, రాగి ఒకటి. ఒక్కో పీటకు కావలసింది మూడు, సరిపోయింది. థాలియం తెచ్చేది ఒకటే. దాన్ని పెడితే లెక్క చెడుతుంది."

రుమేన మళ్లీ పటం వైపు తిరిగింది. రాగి ఇరవై తొమ్మిది. దాని కుడి పక్కన జింకు, ముప్ఫై. అదీ ఒక్క తలే తేడా.

"జింకు ఎంత తెస్తుంది?"

ఈసారి ఆయన పుల్లల జోలికి పోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"రెండు," అన్నాడు.

"అయితే థాలియం ఒకటి, జింకు రెండు. అటు చూసినా మూడే, ఇటు చూసినా మూడే. రెండు తప్పులు ఒకేసారి చేస్తే ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయన్న మాట."

అలాంటివి రసాయన పరీక్షలో తేలతాయి, ఆ పని కలియోపది, పాపం మధ్యలోనే పడిపోయింది అన్నాడాయన.

రుమేన వరండాలోకి వచ్చి మర్గితకు ఫోన్ చేసింది. థాలియం పేరు చెప్పింది. అరికాళ్లు, జుట్టు, అన్నీ దానికి సరిపోతాయంది డాక్టర్. సీసం అని రాసి ఉన్న కాగితం చూసి బుద్ధి అటు పోలేదని తనను తాను తిట్టుకుంది. దానికి విరుగుడు ఒకటుంది. నీలం రంగు పొడి, బొమ్మలు వేసేవాళ్లు వాడే నీలమే, మందుగా చేసి మింగే చిన్న గొట్టాల్లో, క్యాప్సూళ్లలో, నింపుతారు. పేగుల్లో విషాన్ని పట్టుకుని బయటికి లాక్కుపోతుంది. కానీ ఈ దేశంలో ఎక్కడా లేదు. వియన్నా నుంచి అత్యవసరంగా తెప్పించాలంటే పెద్దల సంతకాలు కావాలి. పోలీసులు పాషాణమని ఒప్పుకోలు కాగితం ఇచ్చి ఉండగా, ఊరి ఇన్‌స్పెక్టర్ గోడ మీది పటం చూసి చెప్పిందంటే ఎవరు సంతకం పెడతారు?

"రుజువు ఏదైనా పట్టుకోండి. ఆ ప్రొఫెసర్ చేత ఒక్క మాట అనిపించండి చాలు. తొందరగా," అంది మర్గిత.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి త్రప్కోవ్ మెట్లెక్కి వస్తున్నాడు. నలభై ఏళ్లు, ఇస్త్రీ చెదరని చొక్కా, చేతిలో ఎవరి తోటలోదో ఒక నల్ల ద్రాక్ష గుత్తి.

"మేడమ్ గారు ఇక్కడ కూడానా? ద్రాక్ష దొంగలు దొరకడం లేదా ఈ ఏడు?"

"ఒకడు ఎదురుగానే ఉన్నాడు. ఆ గుత్తికి డబ్బిచ్చావా?"

అతను నవ్వి ఒక పండు నోట్లో వేసుకున్నాడు. కేసు ముగిసిందని, నేరస్థుడు తానే ఒప్పుకున్నాక ఇంకా కొండను తవ్వి ఎలుకను పట్టాలనుకోవడం వయసు తెచ్చే జబ్బని అన్నాడు. రుమేన థాలియం సంగతి చెప్పింది. అతను వినలేదు. వినే మనిషైతే ఆ ఒప్పుకోలు కాగితమే పుట్టేది కాదు.

"దోంచో పాషాణం ఎక్కడ కొన్నాడు?" అంది ఆమె.

"చెప్తాడు. ఇవాళో రేపో."

"కొన్న చోటు చెప్పలేనివాడు పేరు మాత్రం ఎలా చెప్పాడు? నువ్వు అందించావా?"

త్రప్కోవ్ నమలడం ఆపాడు. తర్వాత, మేడమ్ గారు ఈ గుమ్మం దాటితే పైవాళ్లకు రాయాల్సి వస్తుందన్నాడు. రాసుకో అని రుమేన లోపలికి నడిచింది. అతను వెంటపడ్డాడు. ప్రొఫెసర్ కూడా కుర్చీ వదిలి వాళ్ల వెనకే వచ్చాడు. అలా ముగ్గురూ పనిగదిలోకి చేరారు.

అది పొడుగాటి గది. ఈ కొసన కలియోప బల్ల, ఆ కొసన ప్రొఫెసర్ బల్ల. రెండు బల్లల మీదా అదే రాయి, బూడిద రంగు మీద ఎర్రటి మెరుపు. రెండింటి పైనా గాలి లాగే గూడు ఉంది. రుమేన దేన్నీ ముట్టుకోకుండా చేతులు వెనక్కి కట్టుకుని చూసింది.

కలియోప గూట్లో రాతిపొడిని ఆసిడ్‌లో కరగబెట్టిన గాజు గిన్నెలు. రాయిగా ఉన్నప్పుడు బిగుసుకుని కూర్చున్న విషం ఆసిడ్‌లో కరిగాక నీళ్లంత చొరవగా చర్మంలోకి దిగుతుందని రుమేనకు అప్పటికి తెలియదు, అది తర్వాత మర్గిత చెప్పింది. ఇప్పుడు ఆమె కంటపడింది గిన్నెల పక్కన విప్పిపడేసిన తొడుగులు. వంటింట్లో వాడే పల్చటివి. ఒకదాని బొటనవేలు దగ్గర చిరిగి ఉంది. సీసంతో పనిచేసేవాళ్లకు అవి చాలు. చిరిగితే చేయి కడుక్కుంటారు, అంతే.

ఆ కొసకు నడిచింది. ప్రొఫెసర్ బల్ల మీద తొడుగులు మోచేతుల దాకా ఉన్నాయి, మందంగా. వాటి లోపల ఇంకో జత. గాలి వడకట్టే పెద్ద ముసుగు. రాళ్ల డబ్బాకు తాళం.

"సార్, ఆ రాయే ఈ రాయి. ఆ అమ్మాయికి చిరిగిన తొడుగు, మీకు రెండు జతలు. ఎందుకో?"

పెద్దవాణ్ణి, జాగ్రత్త ఎక్కువ అన్నాడాయన. త్రప్కోవ్ కల్పించుకుని, జాగ్రత్తగా ఉండటం నేరమా మేడమ్ అన్నాడు. అంటూ నవ్వాడు. నవ్వితే అతని పెదాలూ పళ్లూ ద్రాక్షతో ఊదాగా కనిపించాయి. ఈ నెలలో ఊళ్లో ప్రతి నోరూ అలాగే ఉంటుంది, రుమేనది కూడా. అందుకే ఎవరి నోటికేసీ ఎవరూ చూడరు. కానీ ఆ నవ్వు పక్కనే ప్రొఫెసర్ కూడా మర్యాదకు పెదాలు విప్పాడు. కిటికీ వెలుతురు ఇద్దరి మీదా పడింది.

ప్రొఫెసర్ నోరు ఊదా కాదు. నీలం. పళ్ల సందుల్లో, చిగుళ్ల అంచుల్లో, నాలుక చివర, పలక మీద సిరా ఒలికినట్టు నీలం.

రుమేన తొట్టి దగ్గరకు వెళ్లి ఆయన మంచినీళ్ల గ్లాసు వంక చూసింది. అడుగున అదే నీలం, మన్నులా పేరుకుని ఉంది.

"త్రప్కోవ్, అద్దంలో నీ నోరు చూసుకో. తర్వాత ఆయన నోరు చూడు."

"పెన్ను కొరికి ఉంటాడు," అన్నాడు త్రప్కోవ్, కానీ గొంతులో ఇందాకటి ధీమా లేదు.

"గొట్టాలు మింగలేరు కదూ సార్? విప్పి నీళ్లలో కలుపుకుంటున్నారు. థాలియం లేనిచోట దాని విరుగుడు ఎందుకు తాగుతున్నారు?"

తేలు కుట్టిన దొంగలా ఆయన నోరు మూసుకున్నాడు. రుమేన సొరుగు తెరవమంది. వారెంటు ఉందా అన్నాడు. లేదు. త్రప్కోవ్ వైపు చూసింది. కేసు అతనిది, తెరవమనే అధికారమూ అతనిదే. అతను ద్రాక్ష గుత్తి వంక చూసుకుంటూ నిలబడ్డాడు. సొరుగు తెరిస్తే అతని ఒప్పుకోలు కాగితం చిత్తు కాగితమైపోతుంది. ఆ లెక్క అతని ముఖంలో జరుగుతుంటే ఆమె చూస్తూ ఉండాల్సి వచ్చింది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో ఇంత చేతకాని క్షణం ఆమెకు గుర్తులేదు. రెండడుగుల దూరంలో మందుంది. చేయి చాపడానికి లేదు.

ఇక బెదిరింపులు మానేసి బతిమాలింది.

"సార్, కలియోప తల్లి ఆసుపత్రిలో కూతురి జుట్టు రుమాల్లో మూటకట్టుకుని కూర్చుంది. మీ పరువు మీరే ఉంచుకోండి. నాకు ఆ మందు ఇవ్వండి."

ఎంతసేపటికో ఆయన జేబులోంచి తాళం చెవి తీశాడు. సొరుగులో జర్మన్ అక్షరాల తెల్ల సీసా ఉంది. రుమేన దాన్ని లాక్కున్నంత పని చేసింది. ఊపితే సగానికి తక్కువే గలగలలాడాయి.

ఆయన కూర్చుని, ఎవరూ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. పత్రికల్లో వచ్చిన వారానికి లెక్కలన్నీ మళ్లీ సరిచూసుకున్నాడట. ఆ పెద్ద చోటు సీసానికి మరీ పెద్దదిగా తేలింది. చుట్టూ ఉన్న గంధకాలకు సీసం అంత ఎడంగా కూర్చోదు, థాలియమే కూర్చుంటుంది. తప్పు తెలిసిపోయింది. అప్పటికే అంతా చాటేశాడు. తన చేతికీ పొడి అంటిందేమోనని హడలిపోయి, వియన్నాలో స్నేహితుడి చేత మందు తెప్పించుకున్నాడు. ఆ వారంలోనే కలియోప రసాయన పరీక్షకు రాయి అడిగింది.

"ఇచ్చారు," అంది రుమేన.

"ఇవ్వనంటే ఎందుకని అడుగుతుంది. జాగ్రత్త అంటే దేనికని అడుగుతుంది. తెలివైన పిల్ల. పరీక్షలో ఎలాగూ తనకే తెలుస్తుంది, అప్పుడు చూసుకుందాం అనుకున్నాను. తొడుగులు వేసుకుంటుంది కదా అనుకున్నాను. శుక్రవారం ఓటింగు అయిపోగానే డాక్టర్లకు చెప్పేవాణ్ణి. దేవుడి మీద ఒట్టు, శుక్రవారం చెప్పేవాణ్ణి."

నేను విషం పెట్టలేదమ్మా, ఊరికే మాట్లాడలేదంతే అని ఏడ్చాడు. ఏడుపులో కూడా నోరు నీలంగానే ఉంది. రుమేనకు ఆయన్ని కొట్టాలనిపించింది. ఊరికే మాట్లాడకపోవడానికి ఏ సెక్షన్ పెట్టాలో ఆమెకు ఆ క్షణాన తట్టలేదు. త్రప్కోవ్‌కూ తట్టలేదు. అతను మాత్రం ద్రాక్ష గుత్తిని చెత్తబుట్టలో పడేసి, ప్రొఫెసర్ పక్కన కుర్చీ లాక్కుని, మళ్లీ మొదటి నుంచి చెప్పండి, రాసుకుంటాను అన్నాడు. ఆ మాత్రం మనిషితనం చూపించాడు.

రుమేన మర్గితకు ఫోన్ చేసి పేరు ఖాయమైందని చెప్పింది. ప్రొఫెసర్ మాటను త్రప్కోవ్ ఫోన్లోనే ధ్రువపరిచాడు. మర్గిత వియన్నాకు కబురు పంపుతున్నానంది, మందు ఎల్లుండికి చేరుతుందంది. సీసాలో ఎన్ని ఉన్నాయో చెప్పించుకుంది.

"ఒక మనిషికి రెండు రోజులు వస్తాయి. సరిగ్గా ఎల్లుండి దాకా. పంపించండి," అంది. తర్వాత కాస్త తగ్గి, "మీకు అబద్ధం చెప్పను. ఇది పేగుల్లో ఉన్నదాన్నే లాగుతుంది. నరాల్లోకి దిగిపోయిందాన్ని వెనక్కి పిలవలేదు. రాత్రి ఆమె మూత్రపిండాలు ఆగిపోయాయి. ఇస్తాను. ఇచ్చామన్న తృప్తి ఆ తల్లికైనా ఉంటుంది."

మూడు వారాల ముందు దొరకాల్సిన పేరు ఇప్పుడు దొరికింది. ఎవరి మీద అరవాలో తెలియక రుమేన కారు తలుపు మీద అరచేత్తో కొట్టింది. సీసాను స్కోప్యే పంపడానికి బండి స్టేషన్ దగ్గరే ఉంది. దోంచోను వదిలే కాగితం కూడా అక్కడే పూర్తిచేయొచ్చు, పెళ్లాం దగ్గరకు అదే బండిలో వెళతాడు అనుకుంటూ పోనిచ్చింది. త్రప్కోవ్ ప్రొఫెసర్‌ను తన బండిలో ఎక్కించుకుని వెనకే వచ్చాడు.

లాకప్ గదిలో దోంచో బల్ల మీద పడుకుని ఉన్నాడు. తలుపు తీసినా లేవలేదు. బూట్లు విప్పేసి, మేజోళ్లు విప్పేసి, పాదాలు బల్ల చివర గాల్లోకి వేలాడేసి ఉన్నాడు. నిన్నటి నుంచీ ఇదే నాటకం, నేల మీద కాలు పెట్టనంటాడు అన్నాడు కాపలా కానిస్టేబుల్.

రుమేన వంగి అతని పాదాన్ని వేలి కొసతో తాకింది. దోంచో పళ్లు బిగబట్టాడు. కళ్లలోంచి నీళ్లు కారాయి.

"కలియోప కోటు ఎవరు ఉతికేవాళ్లు దోంచో? పనిలో వేసుకునే తెల్లకోటు."

"నేనే అక్కా. ఆసిడ్ మరకలుంటాయి, మిగతా బట్టల్లో కలపొద్దనేది. తొట్లో నానేసి చేత్తో పిండేవాణ్ణి."

అతని చేతులు తిప్పి చూసింది. ద్రాక్ష కోతల కత్తెర గాట్లు వేళ్ల నిండా, విషం దిగడానికి అన్ని దారులు.

రుమేన వరండాలోకి వచ్చి మూడోసారి ఫోన్ చేసింది. మర్గిత ఎక్కువ ప్రశ్నలు అడగలేదు. మాట స్పష్టంగా ఉందా, జుట్టు ఊడుతోందా, ఎన్నాళ్లుగా మంట అని అడిగింది. ఇతనిది మొదలే, ఇప్పుడే పట్టుకుంటే నడుస్తాడు, రెండు రోజులు ఆగితే చెప్పలేనంది.

"చెరి సగం ఇస్తే?" అంది రుమేన.

"ఇద్దరికీ ఇవ్వనట్టే."

"అయితే ఎవరికి?"

"నన్నడిగితే, ఎవరికి పనిచేస్తుందో వాళ్లకి. అతని చేత మింగించి, ఆ బండిలోనే ఇక్కడికి పంపండి. కలియోపకు ఎల్లుండి వచ్చింది ఇస్తాను. అప్పటికి ఉంటే."

గోడకు ఆనుకుని నిలబడింది రుమేన. త్రప్కోవ్ అన్నీ విన్నాడు. లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఆమె చేతికిచ్చాడు.

దోంచో ఈసారి మోచేతుల మీద లేచి కూర్చున్నాడు. ముఖంలో ఆశ.

"పేరు దొరికిందా అక్కా?"

"దొరికింది."

"నేను చెప్పింది తప్పా? సారు, ఏదో ఒక పేరు చెప్పెయ్, చెప్తే మందు మొదలుపెడతారన్నాడు. నాకు తెలిసిన విషం అదొక్కటే." గుమ్మంలో ఉన్న త్రప్కోవ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "ఇప్పుడు సరైన మందు దొరుకుతుందా దానికి?"

రుమేన సీసా మూత తీసి నీలం గొట్టాలు అరచేతిలో పోసుకుంది.

"ముందు నువ్వు ఇవి మింగు. నీకూ అంటింది."

అతను సీసా వంక చూశాడు, అరచేతి వంక చూశాడు. తోటలో పనిచేసేవాడే గానీ తెలివితక్కువవాడు కాదు.

"ఇది దాని మందు కదా. ఉన్నది ఇంతేనా? దానికి పంపించండి. నాకు కాళ్లే కదా, పర్లేదు."

"దానికి ఇచ్చేశారు," అంది రుమేన. "పొద్దున్నే వచ్చింది, విమానంలో. నీ వాటాగా ఇది పంపారు."

"నిజంగానా?"

"డాక్టరమ్మ తన చేత్తో ఇచ్చింది. ఇప్పుడే మాట్లాడాను."

"మింగిందా?"

"మింగింది."

దోంచో ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. ఆమె కళ్లు తిప్పుకోలేదు. చివరికి అతను నోరు తెరిచాడు. ఆమె మొదటిది నాలుక మీద పెట్టి గ్లాసు అందించింది.

"దానికి అరికాళ్ల మంట తగ్గుతుందా అక్కా?" అన్నాడు మింగి.

"తగ్గుతుంది," అని రుమేన రెండోది తీసింది.